ఉప్పు కడిగిన ఊరు

అనగనగా మూడు కొండలు. ఆ మూడు కొండల మధ్య, గిన్నె అడుగున మిగిలిన అంబలిలాగా, ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరు తుమ్మెదలోవ. ఊఁ కొట్టు చిట్టీ. నువ్వు ఊఁ కొడితేనే నాకు తర్వాతిది గుర్తొస్తుంది.

ఆ ఊళ్ళో వానలెక్కువ. మబ్బులు కొండలకి తగిలి అక్కడే కురిసిపోయేవి. చోళ్ళు, అదే రాగులు, బాగా పండేవి. పెరటికో మునగచెట్టు, గట్టుకో తోటకూర మడి. కడుపునిండా తిండి ఉండేది. మనుషులు కూడా మంచివాళ్ళు. ఒక ఇంట్లో పనసకాయ కోస్తే పది ఇళ్ళకి తొనలు వెళ్ళేవి.

అయితే ఆ ఊరివాళ్ళకి పెద్దయ్యేసరికి మెడ ముందు వైపు ఉబ్బేది. కొందరికి నిమ్మకాయంత, కొందరికి నారింజకాయంత. దాన్ని గొంతుకాయ అనేవారు. అది వాళ్ళకి ఎంత అలవాటైపోయిందంటే, పై ఊరి నుంచి మెడ నున్నగా ఉన్న మనిషి ఎవరైనా వస్తే, "పాపం, తిండి లేక మెడ ఎలా పీక్కుపోయిందో చూడు" అని జాలిపడేవారు.

నవ్వకు. ఇంకో సంగతి ఉంది, అది నవ్వేది కాదు. ఆ ఊళ్ళో రెండు మూడిళ్ళకి ఒక బిడ్డ బుర్ర మందంగా పుట్టేది. కొందరికి మాట వచ్చేది కాదు. కొందరికి వినపడేది కాదు. ఎందుకలాగ అంటే, "మా లోవ గాలి అంతేనమ్మా" అని ఊరుకునేవారు.

ఆ ఊరికి చిలకమ్మ కోడలిగా వచ్చింది.

చిలకమ్మది సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న ఉప్పుమళ్ళల్లో పని చేసేవాడు. చేపా, రొయ్యా తిని పెరిగిన పిల్ల. మాట మెత్తన. నలుగురున్న చోట నోరు విప్పడమంటే ఆ పిల్లకి చెమటలు పట్టేవి. మొగుడి పేరు సింహాద్రి. కొండకి ఆ వైపున్న సంతకి కావిడి మోసుకెళ్ళి వచ్చేవాడు. మంచివాడు, కానీ అమ్మ ముందు అతనూ పిల్లే.

ఎందుకంటే వాళ్ళమ్మ పోలమ్మ. పోలమ్మ పిలిస్తే అవతలి కొండ మీద మేస్తున్న గేదె తల తిప్పేది. అంత గొంతు. ఆ గొంతు కింద నారింజకాయంత వాపు. ఆవిడ ఎవర్నీ మెచ్చుకోగా ఎవరూ వినలేదు. ఏదైనా చాలా బాగుంటే "పర్లేదు" అనేది. అదే ఆవిడ దగ్గర పెద్ద బహుమానం.

ఆ ఇంట్లో ఇంకో మనిషి సుక్కమ్మ. పోలమ్మ కూతురు, సింహాద్రికి అక్క, చిలకమ్మకి ఆడపడుచు. పాతికేళ్ళుంటాయి. సుక్కమ్మకి వినపడదు, మాట రాదు. చేతులతోనే అన్నీ చెప్పేది. చిలకమ్మ వచ్చిన మొదటి వారంలోనే ఆ చేతుల భాష నేర్చేసుకుంది. నోటితో మాట్లాడక్కర్లేని మనిషి దొరికితే ఆ పిల్లకి ఎంత హాయి! ఇద్దరూ పశువుల పాకలో కూర్చుని గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవారు, ఒక్క మాట లేకుండా.

ఆ ఊళ్ళో ఒక ఆచారముండేది. కొత్తకోడలు వచ్చిన మూడోనాడు ఉప్పు కడగాలి.

ఉప్పు కడగడమేమిటి అనకు. వాళ్ళకి అది పెద్ద పండగ. రాళ్ళ ఉప్పుని వెదురుబుట్టలో పోస్తారు. బుట్ట కింద గోలెం పెడతారు. కోడలు మూడు చెంబుల నీళ్ళు గబగబా, ఉప్పు కరిగిపోకుండా, పై నుంచి పోయాలి. ఆ తర్వాత గుడ్డ మీద ఆరబోసి కుండకెత్తాలి. గోలెంలో పడ్డ నీళ్ళని తొక్కకూడదు, పారబోయకూడదు. ఉప్పు అంటే తల్లి కదా. అందుకని ఆ నీళ్ళు గేదె కుడితిలో కలిపేవారు. కొత్తకోడలే కాదు, ఇంట్లో ఎప్పుడు ఉప్పొచ్చినా అంతే.

ఊళ్ళో ఉప్పు కడుగుడికి పెద్ద పోలమ్మే. ఏ ఇంటికి కోడలొచ్చినా పోలమ్మ వాకిట్లోనే మొదటి కడుగు. అది ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన పెద్దరికం.

చిలకమ్మ మూడు చెంబులూ పోసింది. "మా ఊళ్ళో ఉప్పుని కడగరు గదా" అనుకుంది మనసులో. పైకి అనలేదు. పోలమ్మ బుట్టలోకి తొంగి చూసి "పర్లేదు" అంది. చిలకమ్మకి ఆ రోజంతా కడుపు నిండిపోయింది.

ఏడాది తిరిగింది. అప్పుడు చిలకమ్మకి నెల తప్పింది.

ఇంట్లో అందరికీ సంబరం. సింహాద్రి సంత నుంచి బెల్లం అచ్చు తెచ్చాడు. సుక్కమ్మ చేతులు రెండూ ఒళ్ళో ఊయలలా ఊపి, ఊపి, ఊరంతా తిరిగి చెప్పొచ్చింది. పోలమ్మ ఆ రోజు మీగడంతా కోడలి ముద్దలోనే వేసింది.

చిలకమ్మకి మాత్రం ఒక భయం పట్టుకుంది. పొద్దున్నే నీళ్ళ బిందెలోకి వంగితే తన మెడ కనిపించింది. మెడ ముందు చిన్న రేగుపండంత ఉబ్బు. తడిమి చూసుకుంది. ఆ తర్వాత పాకలో ఉన్న సుక్కమ్మ వైపు చూసింది. సుక్కమ్మంటే తనకి ప్రాణమే. కానీ కడుపులో బిడ్డ? అమ్మా అని పిలుస్తుందా? పిలిస్తే వింటుందా? ఎవర్నడగాలో తెలియలేదు. చెయ్యి కడుపు మీద పెట్టుకుని కూర్చుంది.

ఆ వారమే నర్సమ్మ వచ్చింది. ఆవిడ పేరు సువార్తమ్మ. భుజాన సంచీ, చేతిలో గొడుగు, రెండు కొండలు దిగొచ్చి రొప్పుతూ అరుగు మీద కూలబడింది. మజ్జిగ తాగి, చిలకమ్మ కనురెప్ప లాగి చూసింది. గోళ్ళు చూసింది. మెడ తడిమింది. అప్పుడు మొహం మార్చింది.

"ఏం తింటున్నావే పిల్లా?"

చిలకమ్మ తల దించుకుంది. పోలమ్మే చెప్పింది. "చోడంబలి, తోటకూర, మునగాకు, బెల్లం. మా ఇంట్లో తిండికేటి లోటు?"

"లోటు లేదమ్మా. చోళ్ళల్లో ఎముకకి కావలసిన సున్నం ఉంది. ఆకుకూరలో నెత్తుటికి కావలసిన ఇనుముంది. మీద ఇంత నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఇవన్నీ మీ మట్టే ఇస్తోంది, దణ్ణం పెట్టుకోండి. ఒక్కటి మాత్రం మీ మట్టిలో లేదు."

"ఏటది?"

"అయోడిన్ అంటారు. ఒకప్పుడు ఈ కొండల్లో కూడా ఉండేదేమో. వేల ఏళ్ళ వానలు కడిగి కడిగి, వాగుల్లో కలిపి, సముద్రంలోకి ఈడ్చుకుపోయాయి. మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా దాంతో పని. జీవితం మొత్తానికి ఒక్క చెంచాడు చాలు. కానీ ఒక్కసారి తింటే కుదరదు. రోజూ సూదిమొనంత పడాలి. అది లేకపోతే మెడ ఇలా వాస్తుంది. మెడదేముంది, కడుపులో బిడ్డకి బుర్ర తయారయ్యేది ఇప్పుడే. చెవులు తయారయ్యేది ఇప్పుడే. అప్పుడు అది అందాలి."

చిలకమ్మ చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది.

"అది ఎక్కడ దొరుకుద్ది?" అంది పోలమ్మ.

"రేషన్ డిపోలో ఇచ్చే రాళ్ళ ఉప్పుకి దాన్ని పట్టించే పంపుతున్నారు. అది తినండి."

"ఓలమ్మో! నాలుగేళ్ళ నుంచి అదే తింటున్నాం."

సువార్తమ్మ నొసలు చిట్లించింది. సంచీలోంచి చిన్న సీసా తీసింది. "ఈ మందు చుక్క పడితే అయోడిన్ ఉన్న ఉప్పు నేరేడుపండు రంగుకి తిరుగుతుంది. మీ కుండలో ఉప్పు తే."

చిలకమ్మ గుప్పెడు ఉప్పు తెచ్చింది. చుక్క పడింది. ఉప్పు తెల్లగానే ఉంది. ఇంకో చుక్క. తెల్లగానే. మూడో చుక్క. మల్లెపువ్వులా నవ్వుతూ కూర్చుంది ఉప్పు.

"ఇది డిపో ఉప్పు కాదు. సంతలో ఎక్కడో కొన్నారు. నాతో అబద్ధమెందుకు పెద్దమ్మా?"

అంతే! పోలమ్మ లేచి నిలబడింది. "నా ఇంట్లో అబద్ధమా? నా అరుగు మీద కూకుని, నా మజ్జిగ తాగి, నన్ను అబద్ధాలకోరంటావా? నాకు తెలీక అడుగుతాను, నీ సీసాలోవి ఒట్టి నీళ్ళెందుకు కాకూడదు?" అవతలి కొండ మీద గేదె తల తిప్పింది.

సువార్తమ్మ మంచి మనిషి. కోప్పడలేదు. వెళ్తూ వెళ్తూ ఆ సీసా చిలకమ్మ చేతిలో పెట్టింది. "నువ్వే చూడు తల్లీ. ఎక్కడ తేడా వచ్చిందో చూడు. ఎక్కువ రోజులు లేవు. బిడ్డ ఆగదు" అని చెవిలో చెప్పింది.

చిలకమ్మ ఆ సీసాని కొంగులో ముడేసుకుంది. ఆ నేరేడు రంగుని ఎవరో దొంగిలిస్తున్నారు. తన బిడ్డ నోటి దగ్గరది లాక్కుంటున్నారు. ఎవరు?

మొదట డిపో వాడి మీద అనుమానం వచ్చింది. డిపో నడిపే అతని పేరు తవుడు. ఎప్పుడూ గొణుగుతూ ఉంటాడు. చిలకమ్మ సింహాద్రితో కలిసి కొండ దాటి డిపోకి వెళ్ళింది. సింహాద్రే అడిగాడు.

"మామా, నీ ఉప్పుని ఒకసారి చూత్తాం."

"ఉప్పుని చూడ్డమేట్రా? పెళ్ళికూతురా?" అన్నాడు తవుడు. కానీ బస్తా విప్పాడు.

చిలకమ్మ చుక్క వేసింది. ఉప్పు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, నేరేడుపండయిపోయింది! తవుడు నోరు తెరిచాడు. "నేను రంగేటీ కలపలేదురా బాబూ" అన్నాడు కంగారుగా. పాపం, అతనిది తప్పు కాదు.

ఆ తర్వాత దారి మీద అనుమానం వచ్చింది. కొండదారిలో మంచు, తుంపర. తడికి పోతోందేమో. ఉప్పు మూటని సింహాద్రి చొక్కా విప్పి చుట్టాడు, తాను తడుస్తూ నడిచాడు. వాకిట్లో దింపగానే చిలకమ్మ చుక్క వేసింది. నేరేడుపండే. దారిది కూడా తప్పు కాదు.

అప్పుడు కుండ మీద అనుమానం వచ్చింది. ఉప్పు కుండ పొయ్యి పక్కనే, మూత లేకుండా, పొగలో ఉంటుంది. చిలకమ్మ ఆ పాత కుండ తీసి పక్కన పెట్టింది. కొత్త కుండ తెచ్చింది. కొత్త మూత తెచ్చింది. ఎప్పటిలాగే ఉప్పు కడిగి, ఆరబోసి, కొత్త కుండకెత్తి, పొయ్యికి దూరంగా పెట్టింది. మర్నాడు పొద్దున చుక్క వేసింది.

తెల్లగా ఉంది.

చిలకమ్మకి ఏడుపొచ్చింది. వాకిలి దాకా ఉంది. కుండలో లేదు. మధ్యలో ఇంకెవరున్నారు? నడిచే దొంగ లేడు, తలుపు తీసిన చప్పుడు లేదు. పాకలోకి వెళ్ళి గేదె పక్కన కూలబడింది.

సుక్కమ్మ వచ్చి గడ్డం పట్టుకుని తలెత్తింది. ఏమైంది అని చేత్తో అడిగింది. చిలకమ్మ కడుపు చూపించింది, చెవి చూపించింది, తల అడ్డంగా ఊపింది. సుక్కమ్మకి అర్థమయిందో ఏమో, ఆ పిల్లని నవ్వించాలని దూడని లాక్కొచ్చి ఒళ్ళోకి తోసింది.

దూడ ఎంత ముద్దుగా ఉందనుకున్నావు! నల్లగా, నిగనిగలాడుతూ, ఒళ్ళంతా దట్టంగా జుట్టు. ఒక్క చోట నిలవదు. చిలకమ్మ కన్నీళ్ళు తుడుచుకుని దాని వీపు నిమిరింది.

అప్పుడు పాకలోకి వచ్చిన పోలమ్మ దూడని చూసి మురిసిపోయింది. "సూసేవా నా గుంటని, నా పిల్లని! ముందు ఇలాగుండేవి కావే కోడలా. బోడి దూడలు పుట్టేవి, ఒంటి మీద వెంట్రుక లేకుండా. నిలబడ్డానికి ఓపికుండేది కాదు. మూడు రోజులు కూడా బతికేవి కావు. ఇప్పుడు నాలుగేళ్ళ నుంచి చూడు, ఏ ఇంటి దూడైనా రాజాలా ఉంటాది. మా కొండతల్లి సల్లగా చూసింది" అని దణ్ణం పెట్టుకుంది.

నాలుగేళ్ళు.

చిలకమ్మ చెయ్యి దూడ వీపు మీద ఆగిపోయింది. డిపో ఉప్పు వచ్చి నాలుగేళ్ళు. మనుషుల మెడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దూడలు మాత్రం బాగయ్యాయి. మనుషులు తిననిది, గేదె తిన్నది ఏమిటి?

అంతలో గేదె గోలెంలో మూతి పెట్టింది. నిన్నటి ఉప్పు కడిగిన నీళ్ళు. ఇష్టంగా, చప్పుడు చేసుకుంటూ, మూతి నాక్కుంటూ తాగుతోంది.

చిట్టీ, నీకు తెలిసిపోయింది కదూ! చిలకమ్మకి కూడా తెలిసిపోయింది.

దొంగ దొరికాడు. కానీ ఎలా చెప్పడం? ఆ మూడు చెంబులూ అత్తగారి అత్తగారి నుంచి వచ్చిన పెద్దరికం. ఊరంతా ఆ వాకిట్లో నేర్చుకున్నట్టే ఉప్పు కడుక్కుని తింటోంది. నిన్నగాక మొన్న వచ్చిన కోడలు లేచి, "అత్తా, నీ ఆచారమే దొంగ" అంటే?

రెండు రోజులు మింగుకుంది. మూడో రోజు కడుపులో ఏదో కదిలినట్టు అనిపించింది. ఇంకా కదిలే నెల కాదు, అది భయమే. కానీ ఆ భయమే ఆ పిల్లని లేపి నిలబెట్టింది.

పోలమ్మ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. చిలకమ్మ మూడు చిప్పలు తెచ్చి ముందు పెట్టింది. ఒకదాంట్లో కడగని ఉప్పు. ఒకదాంట్లో కడిగిన ఉప్పు. ఒకదాంట్లో, అప్పటికప్పుడు పోసి పట్టిన కడుగునీళ్ళు. సీసా అత్త చేతిలో పెట్టింది.

"అత్తా, నువ్వే వెయ్యి" అంది.

పోలమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఏదో తిట్టబోయి మానేసింది. మొదటి చిప్పలో చుక్క వేసింది. నేరేడుపండు. రెండో చిప్పలో వేసింది. తెలుపు. మూడో చిప్పలో, ఆ నీళ్ళల్లో వేసింది. నీళ్ళు కళ్ళ ముందే నేరేడు రంగుకి తిరిగాయి.

పోలమ్మ ఆ నీళ్ళని చూసింది. పాకలోని గేదెని చూసింది. గేదె నెమరేస్తూ ఆవిణ్ణి చూసింది.

"ఓసి దొంగముండా! మా పిల్లల బుర్రలన్నీ నువ్వే తాగేసేవటే!" అని నవ్వింది.

నవ్వు సగంలోనే ఆగిపోయింది. పాక గుమ్మంలో సుక్కమ్మ నిలబడి ఉంది, ఏం జరిగిందో తెలియక అత్తాకోడళ్ళని చూసి తానూ నవ్వుతూ. పోలమ్మ చేట పక్కన పడేసి రెండు చేతులూ మొహాన కప్పుకుంది.

"ఈ సేతులే గదే! ఈ సేతుల్తోనే గదే నా గుంటకి మాట లేకుండా కడిగేశాను!"

అంత పెద్ద గొంతు, చాటులో ఏడ్చే పిల్ల గొంతంత అయిపోయింది.

అప్పుడు చిలకమ్మకి సిగ్గు ఎటు పోయిందో! అత్త పక్కన కూర్చుని చేతులు పట్టుకుంది. అంతవరకు ఎప్పుడూ మాట్లాడనన్ని మాటలు మాట్లాడింది.

"కాదత్తా. విను. వదిన పుట్టినప్పుడు డిపో ఉప్పు లేదు గదా. అప్పుడు ఉప్పు ఎద్దుల మీద గోనెల్లో వచ్చేది గదా? కొండదారి బురద, పేడ, వెంట్రుకలు అన్నీ పడేవి గదా?"

"అవును" అంది పోలమ్మ. "మా అత్త చెప్పేది. ఆ మురికి ఉప్పు తిని ఒక ఏడు ఊళ్ళో పసోళ్ళందరికీ విరేచనాలు పట్టుకున్నాయంట. అప్పుడు మొదలెట్టారు ఈ కడుగుడు."

"మరి! ఆ ఉప్పుకి ఈ అయోడిన్ పట్టించలేదు. కడిగినా తెలుపే, కడక్కపోయినా తెలుపే. నీ చెయ్యి వదినకేమీ చెయ్యలేదు. మట్టిని కడిగింది, రోగాన్ని కడిగింది. ఆ చెయ్యే లేకపోతే మీ అబ్బాయి బతికేవాడో లేదో. ఆ ఉప్పుకి కడగడం న్యాయం. ఈ ఉప్పు వేరు, అంతే."

సుక్కమ్మ వచ్చి తల్లి కన్నీళ్ళు కొంగుతో గట్టిగా తుడిచేసింది, ఎంత గట్టిగా అంటే పోలమ్మ ముక్కు ఎర్రబడింది. ఏడవద్దు అని వేలు చూపించి బెదిరించింది. పోలమ్మ కూతుర్ని దగ్గరకి లాక్కుంది.

కాసేపటికి తలెత్తింది. "మరి ఈ నాలుగేళ్ళల్లో పుట్టినోళ్ళో?" అంది. ఆ తర్వాత, "పుట్టబోయేటోళ్ళో?" అంది. లేచి నిలబడి చీర దులుపుకుంది.

ఆ రోజే ఊళ్ళో గవరయ్య అనే ఆయన ఇంటికి కొత్తకోడలు వచ్చి మూడోనాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పోలమ్మ వాకిట్లోకి చేరారు. వెదురుబుట్ట పెట్టారు, గోలెం పెట్టారు. కొత్తకోడలు చెంబు పట్టుకుని సిగ్గుగా నిలబడింది.

"ఆ చెంబు దింపీయ్ అమ్మా" అంది పోలమ్మ.

కొత్తకోడలు చెంబు కింద పెట్టింది.

"ఇకనుంచి ఈ వాకిట్లో ఉప్పు కడగం. కడగాలనుంటే చేతులు కడుక్కోండి. ఉప్పు జోలికి పోకండి" అని, మూడు చిప్పలు పెట్టి, అందరి ముందూ మూడు చుక్కలు వేసింది. పొద్దున తనెలా చూసిందో ఇప్పుడు ఊరంతా అలా చూసింది.

గుంపులోంచి ఎల్లమ్మ అనే ఆవిడ మూతి తిప్పింది. "సముద్రం నుంచి కోడలొచ్చి చెప్తే, కొండ మీది అత్తలు ఆచారాలు మానెయ్యాలేటి? నీ నోరెక్కడికి పోయిందొదినా?"

పోలమ్మ ఏమందో తెలుసా? గట్టిగా అనలేదు. మెల్లగానే అంది.

"నా నోరు ఇక్కడే ఉందే ఎల్లీ. అది నలభై ఏళ్ళు 'కడుగు, కడుగు' అంది. ఈ పిల్ల రెండు రోజులు భయపడి భయపడి ఒక్క మాట అంది. ఆ ఒక్క మాట నా నలభై ఏళ్ళ కన్నా పెద్దది. నీ మనవడు నిన్ను 'నానమ్మా' అని పిలవాలనుంటే, ఇంటికెళ్ళి కుండకి మూత పెట్టు. పొయ్యికి దూరంగా పెట్టు. కూర దించబోయే ముందు ఉప్పెయ్యి. లేదంటే నీ ఇష్టం."

ఎల్లమ్మకి మనవలంటే ప్రాణం. నోరు మూసుకుని ఇంటికెళ్ళి, మూత లేక, పప్పు గిన్నె తీసి ఉప్పు కుండ మీద బోర్లించింది.

ఆచారం మానేస్తే కొత్తకోడలు ఏం చెయ్యాలి మరి? ఊరికే నిలబడితే బాగోదు గదా. పోలమ్మ ఆలోచించింది. చిటికెడు ఉప్పు ఆ పిల్ల అరచేతిలో పెట్టింది. "ఇది మన కొండల్లోంచి కొట్టుకుపోయిందేనట. సముద్రం దాచి మళ్ళీ మనకి పంపింది. పడమర కొండకో దణ్ణం, తూరుపు సముద్రానికో దణ్ణం, మోసుకొచ్చినోళ్ళకో దణ్ణం పెట్టు" అంది. కొత్తకోడలు మూడు దణ్ణాలు పెట్టింది. అప్పట్నుంచి అదే ఆచారం.

గేదె సంగతి? దానికీ పోలమ్మ అన్యాయం చెయ్యలేదు. "దాని వల్లే గదా మనకి తెలిసింది" అని రోజూ ఒక చిటికెడు కడగని ఉప్పు కుడితిలో విడిగా వేసేది.

సువార్తమ్మ మళ్ళీ వచ్చినప్పుడు పోలమ్మ అరుగు తుడిచి కూర్చోబెట్టింది. క్షమించమని అనలేదు, ఆవిడకి ఆ మాట రాదు. గ్లాసులో మజ్జిగకి బదులు కాచిన పాలు పోసిచ్చింది. సువార్తమ్మకి అర్థమైంది. ఆ నాలుగేళ్ళల్లో పుట్టిన పిల్లలందర్నీ ఒక్కొక్కర్నీ చూసి, ఎవరికేం కావాలో రాసుకుని, పట్నం పెద్దాసుపత్రికి పంపాల్సినవాళ్ళని పంపింది.

నెలలు గడిచాయి. చిలకమ్మ మెడ మీద రేగుపండు మెల్లమెల్లగా తగ్గింది. పోలమ్మ నారింజకాయ మాత్రం పోలేదు. అది పాతబడిపోయింది. "పోన్లే, నాకు నగలెక్కడున్నాయి, ఇదే నా పతకం" అనేది పోలమ్మ.

తొమ్మిది నిండి చిలకమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఏడుపు ఎంత గట్టిగా ఏడ్చిందంటే, "మా అమ్మ గొంతే" అన్నాడు సింహాద్రి. అందరూ నవ్వారు. చిలకమ్మ నవ్వలేదు. ఏడుపు సరే. వింటుందా? సుక్కమ్మ కూడా పుట్టినప్పుడు ఇలాగే ఏడ్చిందట. ఆ మాట పోలమ్మ మనసులో కూడా ఉంది. ఇద్దరూ పైకి అనుకోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మూడు నెలలు గడిపారు.

మూడో నెల నిండిన రోజు పొద్దున, చిలకమ్మ పిల్లకి నీళ్ళు పోసి, నూలుగుడ్డలో చుట్టి, వాకిట్లో ఎండలో పడుకోబెట్టింది. పిల్ల ఆకాశం చూస్తోంది. పోలమ్మ చప్పుడు చెయ్యకుండా వచ్చి పిల్ల తల వెనక ఎడమ పక్కన నిలబడింది.

"ఓలె గుంటా" అని పిలిచింది.

పిల్ల ఎడమకి తల తిప్పింది.

పోలమ్మ నమ్మలేదు. గాలికి తిరిగిందేమో అనుకుంది. మెల్లగా కుడిపక్కకి నడిచి వచ్చింది. ఇంకొంచెం తగ్గించి "ఓలె గుంటా" అంది.

పిల్ల కుడికి తల తిప్పింది.

చిలకమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పోలమ్మ ఇంకా నమ్మలేదు. ఈసారి దూరంగా, పాక దాకా వెళ్ళింది. జన్మలో ఎప్పుడూ మెల్లగా మాట్లాడని ఆ మనిషి, ఆకు రాలినంత సన్నగా పిలిచింది. "ఓలె, నా తల్లీ."

పిల్ల తల తిప్పి, పాక వైపు చూసి, బోసినోరు తెరిచి నవ్వింది.

పోలమ్మ అక్కడే, పేడ తట్ట పక్కనే కూర్చుండిపోయింది. సుక్కమ్మ పరిగెత్తుకొచ్చింది. పోలమ్మ చెవి చూపించి, పిల్లని చూపించి, తల నిలువునా ఊపింది. సుక్కమ్మ ఒక్క గెంతు గెంతి, పిల్లనెత్తుకుని, వాకిలంతా గిర్రున తిరిగింది.

చిలకమ్మ వచ్చి అత్తని లేవదీయబోయింది. పోలమ్మ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. కళ్ళకద్దుకుంది. ఇప్పుడు "పర్లేదు" అంటుందేమో అనుకుంది చిలకమ్మ. అనలేదు. అవతలి కొండ దాకా, ఆ కొండ అవతలి ఊరి దాకా వినపడేలా అరిచింది.

"ఓలమ్మలారా, రండే! నా కోడలు నా మనవరాలికి చెవులిచ్చిందే!"

అన్ని ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి.

కొండ మీద వాన కడలికెళ్ళె,
కడలి లోపలిది ఉప్పుకొచ్చె.
ఉప్పులోపలిది ముద్దకొచ్చె,
ముద్దలోపలిది మాటకొచ్చె.
కథేమో నడిచి కంచి చేరె,
మా చిట్టి కళ్ళకి నిద్ర చేరె.